పౌరశాస్త్ర గ్రంథములు – ఉపాధ్యాయుని పాలు

మన పాఠశాలలలో బోధింపబడు విషయములన్నిటిలోను పౌరశాస్త్రమునకు ఒక విచిత్రమైన దురవస్థ పట్టినది. గణితము నేర్చిన పిల్లవాడు అంగడిలో చిల్లర సరిచూచుకొనును. భూగోళము చదివిన పిల్ల పటము చూచి తన యూరికి దారి కనుగొనును. పౌరశాస్త్రము చదివినవారు మాత్రము గ్రామసభ యేడాదికి ఎన్నిమారులు కూడవలెనో పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొందురు గాని, తమ యూరిలో అది నిరుడు కూడినదో లేదో అడుగరు. ఈ లోపమునకు పిల్లల మాంద్యము కారణమని కొందరును, ఉపాధ్యాయుల అశ్రద్ధ కారణమని మరికొందరును చెప్పుచుందురు. నా యభిప్రాయమున రోగము అంతకు పైనున్నది. పుస్తకము పుట్టిన రీతిలోనే అది పుట్టినది.

స్వపరిపాలనమును గూర్చి చెప్పు పుస్తకమును మనము చాలకాలము ఆజ్ఞారూపముననే తయారుచేసికొంటిమి. రాజధానిలో ఒక సంఘము విషయసూచికను నిర్ణయించును, పండితులు వ్రాయుదురు, అచ్చుకూటము అచ్చువేయును, వేసవి సెలవులు ముగియు వేళకు కట్టలు మండలములకు చేరును. ఉపాధ్యాయుడు జూన్ మాసములో దానిని మొట్టమొదటిసారి తెరచి చూచును. తాను బోధింపవలసినదానిని గూర్చి తన మాట ఎవ్వరును అడుగనివాడు, పాలనలో ప్రజల మాట చెల్లవలెనని తరగతిలో చెప్పవలసియున్నాడు. పిల్లలు పుస్తకముకన్న మనిషిని త్వరగా చదువుదురు. చెప్పువానికే ఆ మాటపై నమ్మకము లేదని వారు ఇట్టే కనిపెట్టుదురు. కావున పౌరశాస్త్ర పాఠముల రచనలో ఉపాధ్యాయునకు పాలు కలుగవలెననుట ఉద్యోగుల కోరికలలో చేర్పదగిన మరియొక కోరిక కాదు. ఆ శాస్త్రము ప్రాణముతో నుండుటకు వలసిన మొదటి నియమము. ఈ దృష్టితో మన దేశమున జరిగిన కొన్ని ప్రయత్నములను ఇచ్చట పరిశీలింపదలచితిని.

ఈ శాస్త్రము మనకు వచ్చిన త్రోవను ముందు స్మరింపవలెను. 1897లో విలియం లీవార్నరు అను ఇంగ్లీషు అధికారి భారత పౌరుని గూర్చి పాఠశాలల కొరకు ఒక పుస్తకము ప్రకటించెను. గ్రామము, జిల్లా, రాష్ట్రము, సామ్రాజ్యము అని మెట్లుమెట్లుగా పాలనాయంత్రమును వర్ణించి, ఆంగ్లప్రభుత్వము వలన దేశమునకు కలిగిన మేళ్లను పిల్లల మనస్సున నాటుట దాని తలంపు. పన్ను కట్టి, చట్టమునకు లోబడి, కృతజ్ఞుడై యుండువాడే అందలి పౌరుడు. స్వాతంత్ర్యము వచ్చినది, 1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చినది. వైస్రాయి పోయి రాష్ట్రపతి వచ్చెను. శాసనమండలుల పేర్లు మారెను. కాని పాఠము కట్టడము మారలేదు. అర్హతలు, అధికారములు, కాలపరిమితి, తొలగించు విధానము అను నాలుగు స్తంభముల మీదనే ప్రతి పాఠమును నిలిచెను. రాష్ట్రపతి పాఠమునకు ఏ అచ్చో సర్పంచి పాఠమునకును అదే అచ్చు.

మన తార్కికులు జ్ఞానసాధనములను లెక్కించునప్పుడు ప్రత్యక్షమును మొదట నుంచి, ఆప్తవాక్యమును కడపట నుంచిరి. కంటికి కనబడని విషయములకు ఆప్తవాక్యము కావలసినదే. పార్లమెంటును కన్నులార చూచు భాగ్యము పల్లెపిల్లలకు ఎందరకు కలుగును? కాని పంచాయతీ కార్యాలయము బడిప్రక్కనే యుండును. చౌకధరల దుకాణము దారిలోనే యుండును. వీధికొళాయి దగ్గర ఎవరి బిందె ముందు, ఎవరిది వెనుక అనునది ప్రతి పిల్లయు ప్రతిదినమును చూచుచునే యున్నది. ఇన్ని ప్రత్యక్షములుండగా వానిని విడిచి, కేవలము ఆప్తవాక్యముచేత పౌరశాస్త్రము బోధించుట ఇంట దీపముండగా పొరుగింటి నిప్పుకై పోవుట వంటిది. ఆ ప్రత్యక్షము తెలిసినవాడు ఎవడు? ఆ యూరి బడిపంతులు. రచనాసంఘమునకు ఎంత పాండిత్యమున్నను ఆ కొళాయి తెలియదు.

ఈ సంగతిని మొదట గుర్తించి పని చేసినవారిలో మధ్యప్రదేశమువారిని చెప్పుకొనవలెను. హోశంగాబాదు జిల్లాలో 1972లో కిశోరభారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటరు అను సంస్థలు ప్రభుత్వపాఠశాలలలో విజ్ఞానశాస్త్ర బోధనమును సంస్కరింప మొదలిడినవి. ఆ పనిని పెంపుచేయుటకై 1982లో ఏకలవ్య అను సంస్థ ఏర్పడెను. గురువు నిరాకరించిన శిష్యుని పేరు పెట్టుకొన్న యీ సంస్థ పనిలో గురువులనే ముందు కూర్చుండబెట్టుట గమనింపదగినది. తరువాత వారు ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు చరిత్ర, భూగోళ, పౌరశాస్త్రములలోను క్రొత్త పుస్తకములు వ్రాసిరి. వ్రాసిన పాఠమును వెంటనే సిద్ధగ్రంథమని భావింపలేదు. కొన్ని ప్రభుత్వపాఠశాలలలో చెప్పించి చూచిరి. తరగతిలో వెనుక బల్లమీద కూర్చుండి వినిరి. ఏ వాక్యము వద్ద పిల్లలు తెల్లమొగము వేసిరో, ఏ ప్రశ్నకు ఉత్సాహముతో చేతులెత్తిరో ఉపాధ్యాయులతో కూర్చుండి విచారించి తిరుగవ్రాసిరి.

వారి పరీక్షాపద్ధతి ఇంకను ముఖ్యమైనది. పుస్తకము దగ్గర నుంచుకొని జవాబు వ్రాయవచ్చునని పిల్లలకు అనుమతి నిచ్చిరి. ఇది వినగానే పెద్దలు కొందరు ఉలికిపడుదురు. కాని ఆలోచింపుడు: పుస్తకము చేతిలో నున్నప్పుడు, అందున్న వాక్యమును అప్పగింపుమను ప్రశ్న వ్యర్థమగును. అప్పుడు ఉపాధ్యాయుడు వేరు విధమైన ప్రశ్న కల్పింపవలసివచ్చును. పోల్చుము, కారణము చెప్పుము, నీ యూరిలో ఎట్లున్నదో వ్రాయుము అని అడుగవలసివచ్చును. ప్రశ్న వేయనేర్చిన ఉపాధ్యాయుడు సగము గ్రంథకర్తయే. 2002లో రాష్ట్రప్రభుత్వము ఈ కార్యక్రమములను ఆపివేసెను. ముప్పది యేండ్ల పని ఒక్క ఉత్తరువుతో ఆగెను. ఉపాధ్యాయులతో కలిసి కట్టిన కట్టడమును కూల్చుట మాత్రము ఉపాధ్యాయుల చేతిలో లేదని దీనివలన తెలియుచున్నది. ఈ సంగతికి మరల వత్తును.

పని ఆగినను విత్తనము చావలేదు. ఆచార్య యశపాల్ గారి అధ్యక్షతను 2005లో జాతీయ పాఠ్యప్రణాళిక సిద్ధమైనది. పౌరశాస్త్రమను పేరునకే పరాయిపాలన నాటి విధేయతాబోధ వాసన యున్నదని ఆ సందర్భమున సాంఘికశాస్త్రమును గూర్చిన నివేదిక యెత్తిచూపెను. దానికి తగినట్లు 2006 నుండి 2008 వరకు ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సామాజిక రాజకీయ జీవనమను పేర క్రొత్త పుస్తకములు వెలువడినవి. ఈ పుస్తకములను నేను శ్రద్ధతో చదివితిని. వానియందు నాకు గౌరవము కలదు. అధికారముల పట్టికలు తగ్గి మనుష్యులు కనబడిరి. ఆరవ తరగతి పుస్తకమున పొలముగట్టు జరిగినదని ఇరుగుపొరుగు రైతులు తగవుపడుదురు. దెబ్బలు తిన్నవాడు పోలీసు స్టేషనుకు పోయిన, ఫిర్యాదు వ్రాసికొనుటకే అధికారి మొదట ఇష్టపడడు. పిదప పట్వారి కొలతల సంగతి వచ్చును. గ్రామపాలనమును బోధించుటకు ఇది ఎంత సహజమైన మార్గము! పోలీసుశాఖ విధులను పది అంకెలు వేసి చెప్పుటకన్న, స్టేషను గుమ్మము వద్ద నిలిచిన పేదవానిని చూపుట మేలు.

ఐనను ఇదే పాఠము మన ప్రాంతమునకు వచ్చునప్పటికి ఏమగునో చూడుడు. పట్వారి యెవరని తెలుగుపిల్ల యడుగును. వేర్వేరు రాష్ట్రములలో వానికి వేర్వేరు పేర్లుండునని పుస్తకమే సూచించినది. అంతకు మించి అది చేయజాలదు. కాని మనకు సంగతి పేరుతో తీరదు. ఆంధ్రమున కరణములు, తెలంగాణమున పట్వారులు తరతరములు గ్రామలెక్కలు చేతబట్టి యుండిరి. 1984లో ఆ వంశపారంపర్యపు ఉద్యోగములు రద్దయినవి. పిదప వచ్చిన గ్రామ రెవెన్యూ అధికారి పదవిని తెలంగాణ ప్రభుత్వము 2020లో తొలగించెను. ఆంధ్రప్రదేశమున 2019లో గ్రామ సచివాలయములు ఏర్పడినవి. తాత కరణమునకు దండము పెట్టిన కథ, తండ్రి తాలూకా కచేరి చుట్టు తిరిగిన కథ, ఇప్పుడు ఏ గుమ్మము తట్టవలెనో తెలియని తల్లి కథ, ఇవన్నియు ఒకే యింట నుండును. ఈ మూడు తరముల అనుభవమును వరుసగా నిలిపి, అధికారము ఎట్లు చేతులు మారినదో చూపగలిగిన పాఠమే మనకు గ్రామపాలన పాఠము. దానిని వ్రాయగలవాడు ఢిల్లీలో లేడు. ఇది ఢిల్లీవారి దోషమును కాదు.

ఏడవ తరగతి పుస్తకమున ఇంకొక పాఠము మనలను నేరుగా తాకును. కర్నూలు ప్రాంతమున స్వప్న యను చిన్న రైతు ప్రత్తి పండించును. విత్తనములకు, ఎరువులకు వ్యాపారి వద్ద అప్పు తెచ్చినందున పంటనంతయు వానికే అమ్మవలెనను కట్టుబాటునకు లోబడును. ఆ ప్రత్తి ఈరోడ్‌లో బట్టయై, ఢిల్లీ దగ్గర చొక్కాయై, తుదకు అమెరికా అంగడిలో వ్రేలాడును. ప్రతి మజిలీలోను లాభమెవరిదో, శ్రమ యెవరిదో పిల్లలు తామే లెక్కకట్టునట్లు పాఠమును నడపిరి. పౌరుని జీవితము ఓటుపెట్టెతో ముగియదని, సమానత్వమను మాటకు సంతలో పరీక్ష జరుగునని ఇంత చక్కగా చెప్పిన పాఠములు అరుదు.

ఇప్పుడు దీనిని ఢిల్లీలో గాక, ప్రత్తిసంతకు పేరుపడిన ఆదోని ప్రాంతమున ఒక బడిలో చెప్పుచున్నట్లు భావింపుడు. అక్కడ స్వప్న కథలోని పాత్ర కాదు. మూడవ బల్లమీది పిల్ల తల్లి. వ్యాపారియు పాత్ర కాడు. మొదటి బల్లమీది పిల్లవాని తండ్రి. పాఠము సగములో నుండగా ఆ పిల్లవాడు లేచి, మా నాయన అప్పియ్యకున్న వీరు విత్తనమెట్లు కొనెదరని యడుగును. ఈ ప్రశ్న తప్పు కాదు. బ్యాంకి తలుపు తెరవనిచోట వ్యాపారి తలుపే తెరచియుండునన్న సత్యము అందులో నున్నది. దానికి జవాబు చెప్పునప్పుడు ఆ పిల్లవానిని అవమానింపరాదు. ఆ పిల్ల తల్లి కష్టమును చిన్నచేయనురాదు. అప్పుకు పంటను తాకట్టుపెట్టు పద్ధతిలోని అన్యాయమును దాచనురాదు. ఈ మూడు కత్తుల నడుమ నడచుట ఏ రచనాసంఘమునకును పట్టిన అవస్థ కాదు, ఉపాధ్యాయునిది. కావున ఆ పాఠము వ్రాయు వేళనే ఆదోని పంతులు అక్కడ నుండినచో, ఆ పిల్లవాని ప్రశ్న పుస్తకములోనే చేరియుండును. పాఠము ఇంకను కఠినమై, ఇంకను నిజమై యుండును.

మన రాష్ట్రమున జరిగిన ప్రయత్నమును ఇక చూతము. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2011లో రాష్ట్ర పాఠ్యప్రణాళికా పత్రము వెలువడెను. దాని ననుసరించి వచ్చిన సాంఘికశాస్త్ర పుస్తకముల రచనలో బడులలో పనిచేయు ఉపాధ్యాయులనేకులు పాల్గొనిరి; ఏకలవ్య సంస్థవారి సాహాయ్యమును లభించెను. ఉపాధ్యాయుల పేర్లు పుస్తకముల మొదటి పుటలలో అచ్చుపడినవి. ఇది చిన్న సంగతి కాదు. ఆరవ తరగతి పుస్తకము తెరచిన కృష్ణా డెల్టాలోని పెనమకూరు, పీఠభూమిలోని దోకూరు, కొండలలోని పెనుగోలు కనబడును. డెల్టా యనగా నేమి, పీఠభూమి యనగా నేమి అను నిర్వచనములు ఆ యూళ్ల జీవితములో కరగిపోయినవి. నేల ననుసరించి మనుష్యుని బ్రతుకు ఎట్లు మారునో పిల్ల తనకు తానే గ్రహించును. తెలిసిన యూరిని తెలిసినవారు వ్రాసినప్పుడు అక్షరమునకు వచ్చు బలము ఇట్టిది.

ఐనను ఈ ప్రయత్నము రెండుచోట్ల ఆగిపోయినదని నా విమర్శ. మొదటిది, రచనలో కూర్చున్నవారు కొందరు, బోధింపవలసినవారు వేలు. మిగిలిన వేలమందికి ఆ పుస్తకము పూర్వపు పుస్తకమువలెనే పైనుండి దిగినది. వ్రాసినవారు తమ సహోద్యోగులే యని సంతోషించినను, ఆ పాఠము ఏల అట్లు వ్రాయబడినదో వారికి తెలియలేదు. తెలియనివాడు పాత త్రోవనే త్రొక్కును. పుస్తకము ఆలోచింపుమని చెప్పుచుండగా, బజారులోని గైడు జవాబు ఇచ్చుచుండెను, గైడు గెలిచెను. రెండవది, అచ్చుపడిన తరువాత తలుపు మూసికొనెను. తరగతిలో ఏ పాఠము నడచినదో, ఏది నడువలేదో చెప్పుకొనుటకు ఉపాధ్యాయునకు స్థిరమైన త్రోవ ఏర్పడలేదు. నేను చూచిన ఒక శిక్షణతరగతిలో, మూడు దినములు ఉపన్యాసములు జరిగి, కడపటి దినము సాయంకాలము నాలుగున్నరకు అభిప్రాయపత్రములు పంచిరి. బస్సువేళ దగ్గరపడుచుండెను. నూరుమంది సంతృప్తికరము అను మాటకెదురుగ గీటు పెట్టి, సంతకము చేసి లేచిరి. ఆ కాగితములు ఉపాధ్యాయులను సంప్రదించితిమనుటకు సాక్ష్యములై ఎక్కడనో భద్రముగ నుండును. సంప్రదింపు వేరు, సంతకము వేరు. గ్రామసభలో వ్రేలిముద్రలు వేయించుకొను పద్ధతికిని దీనికిని భేదమేమి?

ఉపాధ్యాయుని పాలు నిజమైనప్పుడు పాఠము ఎట్లుండునో ఒక్క ఉదాహరణముతో చెప్పెదను. 1993 ఏప్రిల్ 24వ తేదీనుండి అమలైన డెబ్బదిమూడవ రాజ్యాంగ సవరణము పంచాయతీలలో మూడవవంతుకు తక్కువ గాకుండ స్థానములను స్త్రీలకు కేటాయించెను. మన రాష్ట్రమున 2011లో దానిని సగమునకు పెంచిరి. పుస్తకము ఈ సంగతి చెప్పి ముగించును. పరీక్షలో ఎంత భాగమని యడుగుదురు. సగమని వ్రాసినవారికి మార్కు వచ్చును. కాని పిల్ల చూచుచున్నది వేరు. బోర్డుమీద సర్పంచిగా స్త్రీ పేరున్నది. కుర్చీలో ఆమె భర్త యున్నాడు. జనులు సర్పంచిగారని అతనినే పిలుచుచున్నారు. పుస్తకమునకును కంటికిని పొత్తు కుదరనప్పుడు పిల్ల ఒక పాఠము నేర్చుకొనును: పుస్తకములోనిది పరీక్షకు, ఊరిలోనిది బ్రతుకునకు అని. ఇంతకన్న హానికరమైన పౌరశాస్త్రము లేదు.

ఉపాధ్యాయుడు వ్రాసినచో ఆ రెండిటిని ఒకే పుటలో నిలుపును. భర్త కూర్చుండుట నిజమని ఒప్పుకొనును. తరువాత అడుగును: చెక్కుమీద సంతకమెవరిది? గ్రామసభలో మైకు ముందెవరు నిలుతురు? మొదటి యేట మాటాడని స్త్రీ మూడవయేట మాటాడుటను మీరెవరైన చూచితిరా? ఆమె చదువు, ఆమె కులము, ఆమె యింటి పని, వీనిలో ఏది ఆమెను ఎక్కువగా అడ్డగించుచున్నది? పిమ్మట పిల్లలను ఇంటికి పంపి, మీ యింట పొలము కౌలుకిచ్చుట, ఆడపిల్లను పై చదువునకు పంపుట ఎవరు నిర్ణయింతురో కనుగొనుడని చెప్పును. అప్పుడు పంచాయతీ కుర్చీకిని ఇంటి వంటగదికిని గల సంబంధము పిల్లకు బోధపడును. సంస్కరణమును గోరు గృహస్థులు ఈ ప్రశ్న తమ యింటికి వచ్చినప్పుడు నొచ్చుకొనకుండుట మంచిది.

ఇట్టి రచనకు ఆక్షేపణలు కలవు. అవి తేలికవి కావు. ఉపాధ్యాయులకు శాస్త్రజ్ఞానము చాలదని కొందరందురు. కొంత నిజమే. న్యాయస్థానముల తీర్పులు, ఆర్థికశాస్త్ర సూక్ష్మములు మాలో చాలమందికి తెలియవు. దానికి మందు పండితుని తోడు. ఉపాధ్యాయుని వెలివేత కాదు. పండితుడు తప్పును తొలగించును, ఉపాధ్యాయుడు అబద్ధమును తొలగించును. ఈ రెండును ఒకటి కావు. సర్పంచి పాఠములో తప్పొక్కటియు లేదు, అబద్ధము మాత్రమున్నది.

రెండవ ఆక్షేపణ ఇంకను బరువైనది. ఉపాధ్యాయుడును ఈ సంఘములోనివాడే. వానికిని కులమున్నది, మతమున్నది, పార్టీయభిమానమున్నది. తరగతిలో ఎవరిచేత గది యూడ్పించునో, ఎవరిచేత దేవుని పటమునకు దండ వేయించునో చూచిన, వాని పక్షపాతము తెలియును. అట్టివానికి పౌరశాస్త్రమును అప్పగించుట యెట్లు? ఈ ప్రశ్నను ఉపాధ్యాయులము తప్పించుకొనరాదు. నా సమాధానమిది: పక్షపాతము రచనలో పాల్గొనని ఉపాధ్యాయునకును ఉన్నది. ఐతే అది మూసిన తలుపుల వెనుక, నోటిమాటగా, ఎవ్వరును దిద్దలేని విధమున పనిచేయుచున్నది. వ్రాయించినచో అది కాగితముమీదికి వచ్చును. నలుగురు సహోద్యోగులు చదువుదురు. ఆ నలుగురిలో స్త్రీలు, దళితులు, గిరిజనులు, ముస్లిములు తప్పక ఉండవలెను. అప్పుడు పక్షపాతము ఎదుటివాని కంటబడును. నలుగురి నడుమ తన మాటను నిలుపుకొనలేక మార్చుకొనుటయే గదా ప్రజాస్వామ్యమున మొదటి అభ్యాసము!

మూడవది, ఆక్షేపణ కాదు; భయము. సర్పంచి భర్తను గూర్చిన పాఠము వ్రాసిన పంతులు ఆ యూరిలో మరునాడు పని చేయవలెను. ఎమ్మెల్యేకు ఫిర్యాదు పోవును. బదిలీ ఉత్తరువు వచ్చును. ప్రవర్తనా నియమములు ప్రభుత్వవిధానములను విమర్శింపరాదని ఉద్యోగిని కట్టివేసియుండగా, విమర్శించు పౌరుని తయారుచేయుమని ఆ ఉద్యోగికే చెప్పుచున్నాము. పై స్థాయిలోను ఇదే తీరు. 2012 మే నెలలో పదునొకండవ తరగతి రాజ్యాంగ పాఠ్యపుస్తకములోని ఒక పాత వ్యంగ్యచిత్రమును గూర్చి పార్లమెంటు దద్దరిల్లెను. అంబేద్కరుగారిని అది అవమానించునని పలువురు నొచ్చుకొనిరి. ముఖ్య సలహాదారులిద్దరు తప్పుకొనిరి. నొచ్చుకొన్నవారి మాట తీసివేయదగినది కాదు. కాని అప్పటికి ఆరేండ్లుగా ఆ పుటను తరగతిలో తిప్పుచున్నవారుండిరి. దళిత విద్యార్థి దానిని చూచినప్పుడు మొగమెట్లు పెట్టెనో చెప్పగలవారు వారే. ఆ చర్చలో వారి సాక్ష్యమునకు ప్రాధాన్యము కలుగలేదు. పిదప 2022లో భారము తగ్గింపు పేర పదవ తరగతి పుస్తకమునుండి ప్రజాస్వామ్యము–వైవిధ్యము, ప్రజాపోరాటములు, ప్రజాస్వామ్యమునకు సవాళ్లు అను పాఠములు తొలగినవి. ఏ పాఠము భారమో మోయుచున్నవానిని గదా అడుగవలసినది! హోశంగాబాదు అనుభవము ఇందుకే స్మరణీయము. కట్టునప్పుడు ఉపాధ్యాయుని పిలిచినను, తీయునప్పుడు పిలువకున్న, వానికి కలిగినది పాలు కాదు, కూలి.

కావున చేయవలసినది స్పష్టము. పౌరశాస్త్ర పాఠమేదియు ఒక సంవత్సరమైనను బడులలో నడచి చూడక అచ్చునకు పోరాదు. ఆ బడులు ఒకే రకమువి కారాదు. డెల్టాలోనిది, మన్యములోనిది, పట్టణపు మురికివాడలోనిది, ఆడపిల్లల వసతిగృహములోనిది ఉండవలెను. ఉపాధ్యాయులు సూచించిన మార్పులలో వేనిని స్వీకరించిరో, వేనిని ఏల త్రోసిపుచ్చిరో సంఘమువారు వ్రాసి ప్రకటింపవలెను. కారణము చెప్పుట పాలకులకు అలవాటు కావలెనని బోధించు శాస్త్రము తన విషయములో కారణము దాచరాదు. ప్రతి పుస్తకమునను ఒక పాఠమును ఖాళీగా విడిచి, దానిని ఆ మండలపు ఉపాధ్యాయులు తమ పిల్లలతో కూడి వ్రాసికొనునట్లు ఏర్పాటు చేయవలెను. సద్బుద్ధితో వ్రాసిన పాఠమునకై ఉపాధ్యాయుని బదిలీ చేయరాదని నియమముండవలెను. పాఠము తొలగించునప్పుడును, చేర్చునప్పటివలెనే, బోధించినవారి మాట వినవలెను.

తీరిక యేదియని యధికారులడుగుదురు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఉపాధ్యాయులను విద్యేతర కార్యములకు వినియోగింపరాదని చెప్పి, జనగణనకును, విపత్తుల సహాయమునకును, ఎన్నికలకును మినహాయింపు నిచ్చినది. ఎన్నికల దినమున పోలింగు కేంద్రములో ఓటరు వ్రేలికి సిరా పూయుటకు ఉపాధ్యాయుడు కావలెను. అతని తీరిక దొరకును. అదే యెన్నికను గూర్చి పాఠము వ్రాయుటకు మాత్రము అతడు పనికిరాడా, అతని తీరిక దొరకదా? ఏడాదికి పది దినములు ఈ పనికి విడిచినచో, దేశమునకు నష్టము కలుగదు.

ఇది అసాధ్యమని యనుకొనువారు పర్లాకిమిడి వైపు చూడవలెను. అక్కడ బడిలో చరిత్ర బోధించుచుండిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు సవరల భాషను స్వయముగా నేర్చి, ఆ భాషలో వాచకములు వ్రాసి, వారి పిల్లలకు బడులు పెట్టిరి. పిల్ల నోటిమాటనుండి పుస్తకము పుట్టవలెనని ఆయన నమ్మెను. ఆయన మెచ్చని శైలిలో ఆయనను పొగడుచున్నానని చదువరులు నవ్విన నవ్వుదురు గాక. ఆయన చూపిన త్రోవ మాత్రము వాదమునకు అతీతమైనది. ఆయనవంటివారు ఊరికొకరు లేకపోవచ్చును. కాని తన తరగతిలోని పిల్లల బ్రతుకును ఎరిగిన ఉపాధ్యాయులు ఊరికి ఒకరిద్దరు తప్పక యున్నారు.

చదువరులైన గృహస్థులకు కడపట ఒక్క మనవి. విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాలకు యాజమాన్య సంఘమున్నది. అందు తల్లిదండ్రులే ఎక్కువ. ఆ సభకు పోయినప్పుడు గోడకు సున్నము, భోజనమునకు బియ్యము అను సంగతులతో పాటు, పౌరశాస్త్ర పాఠమును గూర్చియు అడుగుడు. ఈ పుస్తకములో మన యూరెక్కడనని ఉపాధ్యాయుని ప్రశ్నింపుడు. అతడు నిజము చెప్పబూనినప్పుడు, ఆ నిజము మీ యింటిదైనను, అతని ప్రక్కన నిలువుడు. పాఠము వ్రాయుటకు అతనికి సంఘమువారు ఇచ్చు అనుమతికన్న మీరిచ్చు ఆ ధైర్యమే ముందు కావలసియున్నది.